నాలుగు తర్వాత రెండు

నాకు మతి పోయిందని మా ఇంట్లో ఇద్దరు తేల్చారు. మూడోదాన్ని నేను, చివరికి నేనూ ఒప్పుకున్నాను. ఇంట్లో ఉన్నదే ముగ్గురం కాబట్టి తీర్మానం ఏకగ్రీవమన్నమాట.

మాది టైళ్లు కాల్చే చిన్న షెడ్డు. మా ఆయన ఉన్న రోజుల్లో మట్టి పని ఆయనది, గ్లేజు పని నాది. గ్లేజంటే మరేం లేదు, నాలుగు రకాల పొడులు నీళ్లలో కలిపి టైలు మీద పూసి బట్టీలో పెడితే గాజులా మెరిసే పూత. ఆయన పోయాక బట్టీ మా అబ్బాయి చూసుకుంటున్నాడు. వాడికి తెలుపు వచ్చు, నీలం వచ్చు. ఆకుపచ్చ మాత్రం నాకొక్కదానికే వచ్చు. నేనేమీ దాచిపెట్టలేదు. అడిగినప్పుడల్లా "చూసి నేర్చుకోరా" అనేదాన్ని. వాడు చూసేవాడు కాదు.

ఆ ఆకుపచ్చ కోసమే ఒక కాంట్రాక్టరు వెతుక్కుంటూ వచ్చాడు. కంటి ఆసుపత్రిలో ఎప్పుడో మేం టైళ్లు వేసిన గోడ, లోపల పైపు పగిలి సగం ఊడిపోయిందట. మిగిలిన సగంతో కలిసిపోయేలా కొత్తవి కావాలని, పగిలిన ముక్క ఒకటి రుమాల్లో చుట్టి తెచ్చాడు. దాన్ని చూడగానే తప్పిపోయిన బిడ్డ ఇంటికొచ్చినట్టు నా ప్రాణం లేచొచ్చింది. "రంగు కలవకపోతే మాత్రం తీసుకోనండీ. గోడంతా కొట్టించి వేరేవాళ్లతో వేయించుకుంటాం" అని నిక్కచ్చిగా చెప్పి వెళ్లాడు. ఆ ముక్కని షెడ్డు కిటికీలో పెట్టాం.

సరిగ్గా అప్పుడే నా మోకాలికి ఆపరేషను. గోరుచుట్టు మీద రోకటిపోటు. మెట్లెక్కకూడదు, బరువెత్తకూడదు, షెడ్డు వైపు తొంగి చూడకూడదు. షెడ్డేమో ఊరికి ఆ చివర. "నువ్వు చెప్పమ్మా, నేను రాసుకుంటా" అన్నాడు అబ్బాయి. వాడు రాసుకున్న కాగితాలు ఎన్ని బట్టీ పాలయ్యాయో నాకు తెలుసు కాబట్టి నేను నోరు విప్పలేదు. అప్పుడు కోడలు కలగజేసుకుంది.

మా కోడలికి కంప్యూటర్ల ఆఫీసులో ఉద్యోగం. బంగారం లాంటి పిల్లే. కాకపోతే జలుబు చేసిందన్నా దానికో సాఫ్ట్‌వేర్ ఉందంటుంది.

"అత్తయ్యా, షెడ్డులో ఉన్న కంప్యూటర్లో ఒక ఫోల్డరు పెట్టి, దాన్ని మీ లాప్‌టాప్‌లో మౌంట్ చేస్తాను."

"అంటే?"

"ఫోల్డరు ఉండేది అక్కడే. మీకు మాత్రం ఇక్కడ కనిపిస్తుంది. మీరు ఇక్కడ ఒక అక్షరం దిద్దితే అక్కడ దిద్దినట్టే. ఇది కాపీ కాదు, అదే ఇది."

"అక్కడున్న గిన్నెలో ఇక్కణ్నుంచి గరిటె తిప్పుతానన్నమాట."

"అంతే!"

"దీనికెంత తగలేస్తున్నారు?"

"పైసా కూడా లేదత్తయ్యా. ఓపెన్ సోర్స్. ఎవరెవరో కలిసి రాసి అందరికీ ఊరికే ఇచ్చారు. లోపలెలా పనిచేస్తుందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు."

మా అబ్బాయి ఊరికే వస్తుందంటే ఫినాయిలైనా తాగే రకం. వెంటనే తలూపాడు.

రాయడానికి ఇంకొకటి పెట్టింది. దాన్ని మార్క్‌డౌన్ అంటారట. మామూలుగా టైపు చేసుకుంటూ పోవడమే. ఒక గుర్తు పెడితే అది పెద్దక్షరాల పేరవుతుంది, ఇంకో గుర్తు పెడితే గీతవుతుంది. రాసేటప్పుడు మాత్రం అంతా బోడిగా ఉంటుంది. ప్రివ్యూ అని ఒక మీట ఉంది, అది నొక్కితే అదే రాత ముస్తాబై కనిపిస్తుంది.

"నేను రాసినదాన్ని నాకే ముస్తాబు చేసి చూపించడమెందుకమ్మాయ్, దానికేమైనా ఫొటో తీయాలా? నాకు బోడి రాత చాలు" అన్నాను. ఆ మీటేదో నేర్చుకోనే లేదు.

"మీ ఇష్టం. మేమిద్దరం మాత్రం ప్రివ్యూలోనే చూస్తాం. చదవడానికి హాయిగా ఉంటుంది" అంది కోడలు. ఆ మాట నేను సగం చెవితో విన్నాను.

గ్లేజు చెప్పడంలో మా షెడ్డుకో పద్ధతుంది. ముందు అంకె, తర్వాత పొడి. అన్నిటికీ ఒకటే డబ్బా. "నాలుగు తెల్లమట్టి" అంటే ఆ డబ్బాతో నాలుగు. చెయ్యి ముందు ఎంతో వినాలి, తర్వాత ఎందులోకో వినాలి అనేవారు మా ఆయన. నేనూ అలాగే టైపు చేశాను, అంకె పక్కన ఒక చుక్క పెట్టి.

4. తెల్లమట్టి
2. కట్టెబూడిద
9. గాజుపొడి
1. రాగిపొడి

రెండు వేళ్లతో కొట్టినా ఒక్క తప్పు లేదు. నా వీపు నేనే తట్టుకుని కాలు చాపుకుని కూర్చున్నాను.

మొదటి టైళ్లు బట్టీలోంచి తీసిన రోజు అబ్బాయి ఫోన్ చేశాడు.

"అమ్మా, నల్లగా వచ్చాయి."

"ఏంటి నల్లగా?"

"బొగ్గులా. పైగా పొక్కులు."

"ఏం పోసి తగలడ్డావురా?"

"నువ్వు రాసిందే. నాలుగు తెల్లమట్టి, ఐదు బూడిద, ఆరు గాజుపొడి, ఏడు రాగి."

"ఏడు రాగా! ఒరేయ్, అది గ్లేజా, ఒకటో తరగతి పాఠమా? నాలుగు ఐదు ఆరు ఏడు! ఎనిమిది ఉప్పు కూడా వేయకపోయావా?"

"నువ్వు రాసిందే వేశానమ్మా."

"నేను రాసింది నాలుగు, రెండు, తొమ్మిది, ఒకటి."

"ఇదిగో, నా కళ్ల ముందే ఉంది."

"నా కళ్ల ముందూ ఉంది!"

ఇద్దరం చెరో చివర కూర్చుని ఒకటే రాతని చూస్తున్నాం. నాకు రెండు కనిపిస్తున్న చోట వాడికి ఐదు కనిపిస్తోంది.

"సరే, ఏడు డబ్బాల రాగి అని చూసినప్పుడైనా నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది. అడిగితే తిడతావు. నీ మాటకి ఎదురు చెప్పి బాగుపడ్డవాళ్లెవరు?"

అదీ నిజమే. ఫోన్ పెట్టేశాను. ఆలోచించగా ఆలోచించగా నాకు ఒక్కటే తట్టింది. వీడు ఎక్కడో పరధ్యానంగా పోసి, టైళ్లు చెడ్డాక నా రాతని దిద్ది పెట్టాడు, మళ్లీ భయపడి సరిచేశాడు. వాడికీ అలాంటిదే తట్టిందని తర్వాత తెలిసింది. అమ్మ తప్పు రాసి, ఫోన్లో తిట్టేలోపల దిద్దేసుకుందని. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్లు మూడే కాళ్లంటున్నాం.

మర్నాడు కోడలు ఆఫీసుకి వెళ్లబోతూ నా పక్కన కూర్చుంది. లాప్‌టాప్ తన ఒళ్లో పెట్టుకుని టకటకా ఏవో మీటలు నొక్కి తెర నా వైపు తిప్పింది. "చూడండత్తయ్యా, మీరే చదవండి" అంది.

చదివాను. నాలుగు తెల్లమట్టి. ఐదు కట్టెబూడిద. ఆరు గాజుపొడి. ఏడు రాగిపొడి.

అక్షరాలు కాస్త లావుగా, అందంగా ఉన్నట్టు కూడా కనిపించింది. ఆ సంగతి ఎవరు పట్టించుకున్నారు? నా లాప్‌టాప్, నా కళ్లజోడు, నా కళ్లు. "నేనిలా రాయలేదమ్మాయ్" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. కోడలు నా భుజం నొక్కి, "పోనీలెండి, ఎవరికైనా పొరపాటు జరుగుతుంది" అంది. తిట్టినా బావుండేది.

ఆ పిల్ల గుమ్మం దాటాక లాప్‌టాప్ మూసి మళ్లీ మొదటినుంచి తెరిచాను. నాలుగు, రెండు, తొమ్మిది, ఒకటి! మూశాను. తెరిచాను. నాలుగు, రెండు, తొమ్మిది, ఒకటి. అంటే నేను ఒంటరిగా ఉంటే ఒకటి, పక్కన మనిషుంటే ఒకటి. ఇదేం రాత తల్లీ, ఇది రాతా, గడసరి పిల్లా?

సాయంత్రం కోడలికి ఆ మాటే చెప్పాను. పాపం, ఆ పిల్ల నన్ను తీసిపారేయలేదు. "అయితే దీనికి తాళం వేసేస్తాను. ఇక మీరు గానీ, ఆయన గానీ అక్షరం కూడా మార్చలేరు. రేపు పొద్దున్న చూద్దాం" అని ఆ రాతని కదలకుండా బిగించేసింది. పొద్దున్నే నేను చూస్తే రెండు. షెడ్డులో వాడు చూస్తే ఐదు. తాళం వేసింది వేసినట్టే ఉంది. ఇక మార్చింది ఎవరు? ఎవరూ కాదు. ఎవరూ మార్చకపోతే మిగిలింది నా కళ్లూ, నా బుర్రా.

"సరేనమ్మా, రాతని పక్కన పెట్టు. ఇప్పుడు నోటితో చెప్పు, నువ్వు చెప్పిందే పోస్తా" అన్నాడు అబ్బాయి ఫోన్లో.

నాలుగు, రెండు అని నాలిక చివరిదాకా వచ్చింది. కానీ నిన్న కోడలి ఒళ్లో చూసిన ఐదు కళ్లకి అడ్డం పడింది. నేను చెప్పింది కూడా తప్పయితే? ఇంకో బట్టీడు టైళ్లు బొగ్గయితే? "నీ ఇష్టమొచ్చింది పోసుకోరా! నన్నడక్కు!" అని అరిచి పెట్టేశాను. వాడు దాన్ని కోపమనుకున్నాడు. అది భయం. నాకు భయమేస్తే కోపంలాగే బయటికొస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే.

ఆ సాయంత్రం వంటింట్లో వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు. నా మోకాలికి ఆపరేషను అయింది గానీ చెవులకి కాలేదు కదా.

"నాలుగు, ఐదు, ఆరు, ఏడు. చూశావా? అమ్మ గ్లేజు రాయలేదు. అంకెలు లెక్కపెట్టుకుంటూ పోయింది. ఆ సంగతి తనకి తెలియడం లేదు" అంటున్నాడు అబ్బాయి.

"ఒకసారి డాక్టరుకి చూపిద్దాం" అంది కోడలు.

"చూపిద్దాం. ఆసుపత్రి వాళ్లకి మావల్ల కాదని చెప్పేస్తా. మోకాలు తగ్గినా ఇక అమ్మని షెడ్డుకి రానివ్వొద్దు. బట్టీ దగ్గర ఏదైనా అయితే మనం తట్టుకోలేం."

వాడు గొంతు పెంచి ఉంటే నేను వెళ్లి నాలుగు దులిపేదాన్ని. మెల్లగా అన్నాడు, మా ఆయన చివరి రోజుల్లో ఆయన మంచం పక్కన ఎలా మాట్లాడేవాడో అలా. షెడ్డు లేకపోతే నేనెవర్ని? ఉదయం లేచి ఏం చేయాలి? ఎవర్ని తిట్టాలి?

మొహం కడుక్కుంటూ అనుకున్నాను: నాలుగు, ఐదు, ఆరు, ఏడు. జుట్టు దువ్వుకుంటూ అనుకున్నాను: నాలుగు, ఐదు, ఆరు, ఏడు. పసిపిల్లకైనా వచ్చే లెక్క. వాళ్లకి కనిపించేదే నాకూ కనిపిస్తోందంటే గొడవే లేదు. టైళ్లు నల్లగా రానీ, తెల్లగా రానీ, నా తల నా మెడ మీదే ఉందని వాళ్లు నమ్మితే చాలనిపించింది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి: అసలు మొదటినుంచీ నా లెక్కే తప్పేమో, వాళ్లు చూస్తున్నదే నిజమేమో. అది ఎవరితో చెప్పుకోను?

రెండు రోజులు అలా వల్లించి, కోడలితో అన్నాను: "అమ్మాయ్, నాదే తప్పు. తాళం తియ్యి, దిద్దుతాను."

కాపురానికొచ్చినప్పటినుంచీ ఆ రెండు మాటలు, నాదే తప్పు, నా నోట ఎవరూ వినలేదు. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని తాళం తీసింది. నేను కూర్చుని రెండు చెరిపి ఐదు పెట్టాను. తొమ్మిది చెరిపి ఆరు పెట్టాను. ఒకటి చెరిపి ఏడు పెట్టాను. చెరుపుతుంటే మా ఆయన ముగ్గురు మనుషుల ఎత్తు టైళ్లని నా కోసం పగలగొట్టి పారేసిన రోజులు గుర్తొచ్చాయి. ఆ ఆకుపచ్చ కుదిరేదాకా ఎన్నిసార్లు చెడగొట్టానో!

"ఏం దిద్దారత్తయ్యా? ముందెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందిగా?" అంది కోడలు, తన ఫోన్లో చూసి.

"ఇప్పుడు అలాగే ఉంది" అన్నాను.

వాళ్లిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది నా పరిస్థితి. అయినా ఆ రోజు ఎన్నిసార్లు తెరిచినా ఒకటే లెక్క కనిపించింది. చాలా రోజులకి కడుపునిండా తిన్నాను.

ఆ వారమే కోడలు, ఇంటికి కావలసినవి కూడా అదే ఫోల్డర్లో రాయడం మొదలుపెట్టింది. నా పద్ధతి ఆ పిల్లకి నచ్చిందట, ముందు అంకె, తర్వాత వస్తువు. అబ్బాయి షెడ్డు నుంచి వస్తూ వస్తూ అది చూసి రెండు చేతులా సంచులు మోసుకొచ్చాడు. బల్ల మీద బోర్లించాడు.

"ఇన్ని సబ్బులెందుకు?" అంది కోడలు.

"నువ్వే రాశావు. ఆరు బల్బులు, ఏడు సబ్బులు, ఎనిమిది బ్యాటరీలు."

"ఏడు సబ్బులా! మనమేమైనా ఏనుగుని పెంచుతున్నామా? నేను రాసింది ఆరు బల్బులు, రెండు సబ్బులు, నాలుగు బ్యాటరీలు!"

"ఇదిగో, నా కళ్ల ముందే ఉంది."

"నేను నా చేత్తో రెండు కొట్టానంటే!"

కుర్చీలో నేను బిగుసుకుపోయాను. ఈ పోట్లాట నాకు తెలుసు. ప్రతి మాటా తెలుసు. కోడలు సగంలో ఆగిపోయింది. లాప్‌టాప్ లాక్కుని బోడి రాత తెరిచింది: రెండు సబ్బులు. మీట నొక్కింది: ఏడు సబ్బులు. మళ్లీ బోడి రాత: రెండు. మళ్లీ ముస్తాబు: ఏడు. ఆ పిల్ల చెయ్యి నోటి మీదికి పోయింది.

"అయ్యో అత్తయ్యా! అయ్యో!"

"ఏంటే, చెప్పి ఏడువు!"

"అంకె తర్వాత చుక్క పెడితే అది ఎన్ని అనే లెక్క కాదు, ఒకటో వస్తువు, రెండో వస్తువు అని వేసే వరస నంబరనుకుంటుంది ప్రివ్యూ. మొదటి అంకె ఉంచి, తర్వాతవన్నీ తనే వరసలో పెట్టేస్తుంది. మనం వరస తప్పామని సాయం చేస్తోంది. ఇది దీని పద్ధతే, నాకు తెలిసిందే, కానీ మీ దాన్ని నేను అలా చూడనేలేదు. మీరు సరిగ్గానే రాశారత్తయ్యా. మొదటినుంచీ సరిగ్గానే రాశారు."

అడగని సాయం చేసేవాళ్లని చాలామందిని చూశాను గానీ, ఇంత నిశ్శబ్దంగా కొంప ముంచినదాన్ని ఇదే చూడటం. అబ్బాయి ఏడు సబ్బుల ముందు కూలబడిపోయాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు, కళ్లలోంచి నీళ్లు కారేదాకా ఆగలేదు. నాకు మతి పోలేదు! అరిచి ఊరందరికీ చెప్పాలనిపించింది.

"అయితే పదమ్మా, రేపే కలుపుతా. అసలు లెక్క చెప్పు, నేను ఇప్పుడే రాసుకుంటా, కాగితం మీద" అన్నాడు అబ్బాయి, లేచి కళ్లు తుడుచుకుంటూ.

"రాసుకోరా. నాలుగు తెల్లమట్టి" అన్నాను ధీమాగా. "ఐదు..."

ఐదు కాదు. అది నేను పెట్టింది. దాని కిందున్నదేంటి? కళ్లు మూసుకున్నాను. ఐదు, ఆరు, ఏడు, పొద్దున్నా సాయంత్రం నేనే వల్లించి నేనే కూర్చోబెట్టినవి, కుర్చీ దిగి రమ్మంటే రావడం లేదు. మూడా? రెండా? గాజుపొడి ఎనిమిదా, పదా?

"ఫోన్లో విన్నావు కదరా మొదటి రోజు? నేను తిడుతూ చెప్పానుగా, నీకు గుర్తులేదా?"

"నువ్వు చెప్పింది తప్పనుకున్నానమ్మా. గుర్తుపెట్టుకోలేదు."

"పాత రాత ఎక్కడైనా ఉంటుంది కదా అమ్మాయ్? అక్కడొకటి, ఇక్కడొకటి?"

"కాపీ కాదత్తయ్యా" అంది కోడలు. "అదే ఇది. ఉన్నది ఒక్కటే. మీరు దాన్నే దిద్దారు."

నాకు మతి పోలేదు గానీ, పోయిందని ఒప్పుకోవడం కోసం ఉన్నదాన్ని నేనే చేత్తో చెరిపేసుకున్నాను. నా మీద నాకే అసహ్యమేసింది.

"షెడ్డుకి తీసుకెళ్లు" అన్నాను.

"మోకాలు..."

"మోకాలు నాది. తీసుకెళ్లు."

మర్నాడు పొద్దున్న కర్ర పట్టుకుని, చెరోపక్కా వాళ్లు పట్టుకుంటే షెడ్డు గడప దాటాను. గోడవారన పొడుల డ్రమ్ములు నేను వదిలి వెళ్లిన వరసలోనే ఉన్నాయి. కిటికీలో ఆ ఆకుపచ్చ ముక్క మీద ఎండ పడుతోంది. సొట్టపడ్డ అల్యూమినియం డబ్బా చేతిలోకి తీసుకున్నాను. ఏమీ గుర్తు రాలేదు. చేతిలో డబ్బా, బుర్రలో నాలుగు ఐదు ఆరు ఏడు.

"లెక్కపెట్టుకోమ్మా, మెల్లగా" అన్నాడు అబ్బాయి.

అప్పుడు తట్టింది. ఇన్నేళ్లలో నేనెప్పుడు లెక్కపెట్టాను? పొడులు పోసేటప్పుడు ఎవరినో ఒకరిని తిడుతూ పోసేదాన్ని. మట్టి పలచనైందని మా ఆయన్ని, కట్టెలు తడిగా తెచ్చారని బండివాణ్ని. "నీ తిట్లు ఆగితే రంగు చెడుతుంది" అనేవారాయన.

"నేను లెక్కపెట్టను. మీరిద్దరూ పెట్టండి, పైకి మాత్రం అనకండి" అని వాళ్లకి వీపు తిప్పాను. "ఏడు సబ్బులట! బుద్ధున్నవాడెవడైనా ఏడు సబ్బులు కొంటాడా? ఇంట్లో ముగ్గురం మనుషులం. కొట్టువాడైనా అడగలేదా, ఎందుకు బాబూ అని? అడగడు, వాడికేం పోయింది. నువ్వైనా అనుమానించవు. రాసుంటే చాలు, నూతిలో దూకమని రాసినా దూకుతావు. ఏడు రాగి పోసినవాడివి, ఏడు సబ్బులొక లెక్కా? అడిగితే అమ్మ తిడుతుందట. తిడితే తిడతాను, అందుకే కదా ఉన్నాను! మోకాలు కోయించుకున్నాను గానీ నాలిక కోయించుకున్నానా? వంటింట్లో గుసగుసలు! డాక్టరుకి చూపిస్తారట, షెడ్డుకి రానివ్వరట. మీ నాన్నే రానివ్వననలేకపోయారు, నువ్వెవడివిరా..."

చెయ్యి ఆగింది. డబ్బా రాగిపొడి డ్రమ్ము అంచు మీద బోర్లా ఉంది. నేనే పెట్టి ఉంటాను. తొట్టిలో పొడులన్నీ ఉన్నాయి.

"ఎన్ని?" అన్నాను, వెనక్కి తిరగకుండానే.

"నాలుగు" అన్నాడు అబ్బాయి. "రెండు. తొమ్మిది. ఒకటి."

విన్న వెంటనే తెలిసింది. వేలిముద్ర చూసుకున్నట్టు తెలిసింది. కోడలు వచ్చి నన్ను పట్టుకుంది.

"నీ మాట నమ్మలేదమ్మా నేను" అన్నాడు వాడు.

"నువ్వు నమ్మకపోతే పోయావులేరా" అన్నాను. "నేనూ నమ్మలేదు."

తర్వాత కోడలు కాగితం తీసి రాసుకుంది, నేను చెప్పినట్టే, ఈసారి పొడి ముందు, అంకె వెనక. అబ్బాయి నీళ్లు తేవడానికి బకెట్ తీసుకుని వెళ్లాడు.